కుక్కకి టిక్ ఫీవర్: ఐదో రోజుకే లేచి తిరుగుతోంది, మాత్రలు ఆపేయొచ్చా?

ఆపకండి. రక్తపరీక్షలో టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) అని తేలింది, డాక్టర్ 28 రోజులకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు రాశారు, ఐదో రోజుకే మీ కుక్క హుషారుగా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లేమో "ఇంగ్లీషు మందు వేడి చేస్తుంది, ఇక చాలు, బొప్పాయాకు రసం, తెల్లగడ్డ పెట్టు" అంటున్నారు. మీరు రాసింది ఇదే కదా. ఇంచుమించు ఇదే కథ తిరుపతిలో మా ఇంట్లో జరిగింది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా.

మాది వీధికుక్క. నల్లగా ఉంటాడని కర్రోడు అని పేరు. ఒక ఎండాకాలం వాడి చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు పట్టాయి. జ్వరం, తిండి మానేశాడు, గేటు చప్పుడైనా లేవలేదు. మా నాయన పుత్తూరు దగ్గర పల్లెలో గొర్రెల మధ్య పెరిగిన మనిషి. తెల్లగడ్డ దంచి బొప్పాయాకు రసంలో కలిపి పూటకింత తాగించాడు. పది రోజులకు కర్రోడు లేచి పాలవాడి బండి వెంట పరిగెత్తాడు. ఆ తర్వాత మా వీధిలో ఏ కుక్క ముడుచుకుని పడుకున్నా నాయనకే కబురు. నేనూ నమ్మాను. కళ్లారా చూశాను కదా!

ఐదు నెలల తర్వాత ఒక పొద్దున వాడి ముక్కులోంచి రక్తం. ఆటోలో వేసుకుని వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి పరిగెత్తాం. చిగుళ్లు పాలిపోయాయి. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు 22 వేలు. కుక్కకి మామూలుగా 2 లక్షల పైనే ఉండాలి.

అక్కడి డాక్టరమ్మ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తే. ఈ జబ్బు ఎర్లీకియా అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, గోధుమరంగు పిడుదు అంటిస్తుంది. మొదటి జ్వరం చాలా కుక్కల్లో రెండు నుంచి నాలుగు వారాల్లో దానంతటదే దిగిపోతుందట. క్రిమి మాత్రం ఒంట్లోనే దాక్కుంటుంది, నెలలు, ఒక్కోసారి ఏళ్లు. పైకి కుక్క బాగానే ఉంటుంది. కొన్నింటిలో అది మళ్లీ తిరగబెట్టి ఎముకల్లోని మూలుగ దాకా పోతుంది. అంటే ఆ పది రోజుల్లో కర్రోడికి రసం తాగించినా, తాయెత్తు కట్టినా, కొండకు మొక్కుకున్నా, ఏమీ చేయకపోయినా లేచి తిరిగేవాడేమో. పేరు మాత్రం రసానికొచ్చింది. మనుషుల డెంగ్యూలోనూ అంతే, ప్లేట్‌లెట్లు పడిపోయాక కొద్దిరోజులకు మామూలుగా వాటంతటవే పెరుగుతాయి. సరిగ్గా అప్పుడు తాగిన రసానికి ఆ ఘనత దక్కుతుంది.

పైగా తెల్లగడ్డ, ఎర్రగడ్డ కుక్కల ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. అసలే రక్తం తగ్గుతున్న కుక్కకి మేం పెట్టింది అది! నాయన ఈ మాట విని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

మూడో రోజు మాత్రం గట్టిగా అడిగాడు: "మరి డాక్టరమ్మ ఇచ్చిన ఈ డాక్సీసైక్లిన్ మాత్రకి ఆ లెక్క లేదా? రేపు తగ్గితే దాంతోనే తగ్గిందని ఎట్లా చెప్తావు?" న్యాయమైన ప్రశ్నే. లెక్క దానికీ ఉంది. ఒక్క కర్రోడు లేచి నిలబడితే మాత్ర పనిచేసినట్టు రుజువు కాదు. అందుకే పరిశోధకులు కొన్ని కుక్కలకు మందిచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా ఉంచి, రక్తంలో క్రిమి మిగిలిందా అని పోల్చి చూశారు. మందు చాలా కుక్కల్లో పనిచేసింది, అన్నింటిలో కాదు. 2002లో అమెరికాలోని పశువైద్య నిపుణులు కలిసి ఇచ్చిన సిఫారసులోనూ 28 రోజులనే ఉంది. ఐదో రోజుకు మీ కుక్క లేచిందంటే జ్వరం తగ్గిందనే, క్రిమి పోయిందని కాదు.

మన కన్నును కూడా అంతగా నమ్మకూడదు. కీళ్లనొప్పులున్న 58 కుక్కలకు మందులేని ఉత్తుత్తి మాత్రలిచ్చిన ఒక పరిశోధన 2012లో వచ్చింది. కాలు ఎంత బలంగా మోపుతోందో యంత్రంతో కొలిచారు. యంత్రంలో మార్పేమీ లేకపోయినా 40 శాతం దాకా సందర్భాల్లో యజమానులు "బాగుంది" అన్నారు. పరీక్షించిన డాక్టర్లూ ఇంచుమించు అంతే పొరబడ్డారు.

అట్లాగని చీటీలో ఉన్నదంతా వేదం కాదు. తర్వాత ఒక ప్రైవేటు క్లినిక్‌లో లివర్ టానిక్, విటమిన్ ఇంజెక్షన్లు, ఇంకేదో పొడి రాశారు. "ఇది వేయకపోతే ఏమవుతుంది సార్?" అని ఒక్కోదాని గురించీ అడిగాను. ఆయన నవ్వి రెండు కొట్టేశారు. మీరూ అడగండి, తప్పేం లేదు.

కర్రోడు బతికాడు, కానీ కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఇక మాత్ర సంగతి. పెరుగన్నంలో దాచి పెట్టొద్దు, పాలు పెరుగుతో కలిస్తే మందు ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది. ఖాళీ కడుపున వేస్తే వాంతులవ్వొచ్చు. మేం చికెన్ ఉడికించిన నీళ్లతో కలిపిన అన్నంలో పెట్టి, వెంటనే కాసిని నీళ్లు తాగించేవాళ్లం, మాత్ర గొంతులో ఆగితే పుండు పడొచ్చు. కోర్సు అయ్యాక మళ్లీ రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో పిల్లి కూడా ఉందన్నారు, కుక్కకి వాడే పిడుదుల మందు డాక్టర్‌ని అడగకుండా దాని మీద చల్లొద్దు. పెర్మెత్రిన్ ఉన్నవి పిల్లి ప్రాణం తీస్తాయి.