జబ్బల కొవ్వు గురించి అమ్మాయికి ఒక లేఖ

ప్రియమైన అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు నెలలుగా రోజూ ఉదయం డంబెల్స్ పట్టుకుని చేతుల వ్యాయామం చేస్తున్నా జబ్బల కింద వేలాడే కొవ్వు అంగుళమైనా కదలలేదనీ, పొట్టిచేతుల దుస్తులు వేసుకోవడమే మానేశాననీ రాసిన చోట నా మనసు చివుక్కుమంది. యాభై దాటిన కొత్తలో నేనూ ఇదే బాధ పడ్డాను, నువ్వు చేస్తున్న పొరపాటే చేశాను. ఆ తర్వాత చదివి, తెలిసినవారిని అడిగి, నా ఒంటి మీద ప్రయత్నించి తెలుసుకున్నదంతా ఓపికగా రాస్తున్నాను. నువ్వూ అంతే ఓపికగా చదువు.

అన్నిటికంటే ముందు నీ మనసులో స్థిరపడవలసిన విషయం ఒకటుంది. చేతికి చేసే వ్యాయామం చేతి కండను పెంచుతుందే తప్ప చేతి మీది కొవ్వును కరిగించదు. కొవ్వు కణాల్లో దాచిపెట్టి ఉన్న కొవ్వు ఒంటికి శక్తి అవసరమైనప్పుడు విడివడి రక్తంలో కలుస్తుంది, ఆ రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి పనిచేస్తున్న కండ దానిని ఎక్కడి నుంచి వచ్చినా తీసుకుంటుంది. పక్కనే ఉన్న కొవ్వును మాత్రమే వాడుకోవాలన్న నియమం దానికి లేదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల మీద జరిగిన ఒక పరిశీలన ఈ సంగతిని చక్కగా చూపిస్తుంది. ఏళ్ల తరబడి రాకెట్ పట్టిన చేయి రెండో చేతికంటే లావుగా, బలంగా ఉన్నప్పటికీ, చర్మం కింద ఉన్న కొవ్వు మందం మాత్రం రెండు చేతుల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. అన్నేళ్ల ఆట చేయలేని పనిని నీ డంబెల్స్ మూడు నెలల్లో చేయలేదని నువ్వు నొచ్చుకోవలసిన అవసరం లేదు. అయితే నీ శ్రమ వృథా పోలేదు, ఎందుకో కిందకు వచ్చాక చెబుతాను.

కొవ్వు ఎక్కడ ముందు చేరాలో, ఎక్కడి నుంచి చివరగా పోవాలో నిర్ణయించేవి వంశపారంపర్యం, హార్మోన్లు, వయసు. మా అక్కచెల్లెళ్లందరికీ జబ్బలు ఒకేలా ఉండడం నువ్వు చూశావు. దానికి తోడు, ముప్పై ఏళ్లు దాటాక వ్యాయామం లేని ఒంట్లో ప్రతి పదేళ్లకూ 3 నుంచి 8 శాతం దాకా కండ తరిగిపోతుంది. చేయి వెనుక కండ సన్నబడి, దాని మీది కొవ్వు అలాగే ఉండిపోతే, పట్టు తప్పిన ఆ భాగం చేయి ఊపినప్పుడల్లా వేలాడుతున్నట్లు కనిపిస్తుంది. అంటే నువ్వు చేయవలసిన పనులు రెండు: ఒంటి మొత్తం కొవ్వును తగ్గించడం, చేతి కండను నింపడం. మొదటి పని చాలావరకు భోజనం దగ్గర జరుగుతుంది, రెండోది వ్యాయామం దగ్గర జరుగుతుంది. నేను చాలాకాలం రెండోదానితోనే మొదటిదాన్ని సాధించాలని చూశాను.

మొదలుపెట్టే ముందు అద్దం ముందు నిలబడి, జబ్బ వెనుక భాగాన్ని బొటనవేలితో, చూపుడువేలితో పట్టి చూడు. మందంగా, మెత్తగా వేళ్ల మధ్య నిండితే అది కొవ్వు. పల్చగా, ముడతలు పడిన వస్త్రంలా వస్తే అది సాగిన చర్మం. ఎక్కువ బరువు త్వరగా తగ్గినవారిలో ఇది ఉంటుంది, ఇది ఆహార నియమాలతో పోదు. ఒక చేయి మాత్రమే వాచినట్లు లావుగా ఉన్నా, ముఖ్యంగా రొమ్ముకు శస్త్రచికిత్స జరిగిన వైపు చేయి అలా ఉన్నా, వెంటనే వైద్యుణ్ణి కలవాలి. రెండు చేతులూ కాళ్లూ సమానంగా లావెక్కి, నొక్కితే నొప్పి పుడుతూ, చిన్న దెబ్బకే కమిలిపోతూ, అరచేతులూ పాదాలూ మాత్రం మామూలుగా ఉంటే అది లైపెడిమా అనే వేరే సమస్య కావచ్చు. అది ఆహారం తగ్గించినా సులభంగా లొంగదు, అలాంటివారు తమ పట్టుదల చాలలేదని తమనే నిందించుకోవడం అన్యాయం. నువ్వు రాసినదాన్ని బట్టి నీకు అలాంటివేవీ లేవనిపిస్తోంది, అయినా ఒకసారి చూసుకో.

ఇక భోజనం సంగతి. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 క్యాలరీల శక్తి దాగి ఉంటుందని లెక్క. రోజూ నువ్వు ఖర్చు పెట్టేదానికంటే 500 క్యాలరీలు తక్కువ తింటే వారానికి దాదాపు అర కిలో తగ్గుతావు. మొదటి రెండు వారాల్లో నీరు కూడా పోతుంది కాబట్టి తూకం కాస్త ఎక్కువ తగ్గినట్లు కనిపిస్తుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు, ఆ తర్వాత వేగం తగ్గితే దిగులు పడవద్దు. ఈ అర కిలో కంటే వేగంగా పోవాలని పూటలు మానేయవద్దని నిన్ను బతిమాలి చెబుతున్నాను. నేను రాత్రి భోజనం పూర్తిగా మానేసిన ఆరు వారాల్లో బరువైతే తగ్గింది గానీ, దానిలో కండ కూడా పోయి చేతులు మరింత వేలాడాయి. తిండి మరీ తక్కువైనప్పుడు ఒళ్లు కొవ్వుతో పాటు కండను కూడా కరిగించుకుంటుంది, మనకు నిండవలసినది ఆ కండే.

అందుకే మాంసకృత్తుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు. బరువు తగ్గే కాలంలో కండ నిలబడాలంటే ఒంటి బరువులో ప్రతి కిలోకూ 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ తీసుకోవడం మంచిది. 65 కిలోల మనిషికి అది రోజుకు 78 నుంచి 104 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు, ఉడికించిన పప్పుధాన్యాలు 100 గ్రాముల్లో 9 గ్రాములకు అటూ ఇటూ, వండిన కోడి రొమ్ము మాంసం 100 గ్రాముల్లో 30 గ్రాముల దాకా ఉంటాయి. ఇదంతా ఒక పూటే తినకుండా మూడు పూటలకూ పంచుకుంటే ఆకలి కూడా అదుపులో ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

తగ్గించవలసినవాటిలో నేను మొదట చెప్పేవి నూనె, చక్కెర. కొవ్వు పదార్థం గ్రాముకు 9 క్యాలరీలు ఇస్తుంది, ప్రొటీన్, పిండిపదార్థం గ్రాముకు 4 మాత్రమే ఇస్తాయి. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 క్యాలరీలున్నాయి. వంట చేసేటప్పుడు సీసాలోంచి నేరుగా వంపకుండా చెంచాతో కొలిచి వేసుకోవడం అనే చిన్న అలవాటుతో, కడుపు మాడ్చుకోకుండానే, నీ 500లో సగం దాకా తీరిపోవచ్చు. చక్కెర విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు, వీలైతే 5 శాతం లోపు, అంటే 2,000 క్యాలరీలు తినే మనిషికి 50 గ్రాములు, వీలైతే 25. ఒక చిన్న డబ్బా తీపి శీతలపానీయంలోనే 35 గ్రాముల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. కూరగాయలు పళ్లెంలో సగం నింపు, తక్కిన సగంలో ఒక భాగం ప్రొటీన్‌కు, ఒక భాగం ధాన్యానికి వదిలేయి. ఏ ఒక్క ఆహారాన్నీ శత్రువులా చూడవలసిన పని లేదు.

ఇప్పుడు వ్యాయామం. జబ్బ కండలో దాదాపు మూడింట రెండు వంతులు వెనుక వైపు ఉండే ట్రైసెప్స్‌దే. ముందున్న బైసెప్స్ కంటే అది పెద్దది. మనం మాత్రం డంబెల్ చేత పట్టగానే మోచేయి ముందుకు మడవడమే వ్యాయామం అనుకుంటాం. నువ్వు రాసిన నాలుగు వ్యాయామాల్లో మూడు ముందు వైపువే ఉన్నాయి, ఆ పొరపాటు సరిచేసుకుంటే నీ మూడు నెలల అలవాటు ఇకపై బాగా ఉపయోగపడుతుంది.

ముందు గోడ పుష్-అప్‌లతో మొదలుపెట్టు. గోడకు చేయిచాపు దూరంలో నిలబడి, అరచేతులు భుజాల వెడల్పు కంటే కాస్త దగ్గరగా గోడకు ఆనించి, మోచేతులు బయటికి విచ్చుకోకుండా పక్కటెముకలను రాసుకుంటూ వంగేలా ఛాతీని గోడ దగ్గరకు తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి నెట్టుకో. పదిహేను సార్లు సులువుగా చేయగలిగిన రోజున గోడ వదిలి గట్టి బల్ల అంచుకు, ఆ తర్వాత మోకాళ్లు ఆనించి నేలకు, చివరికి పూర్తి పుష్-అప్‌కు రావాలి. నాకు గోడ నుంచి నేల దాకా రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. నీ వయసుకు అంత పట్టదు.

రెండోది తలపైకి చేసేది. కుర్చీలో నిటారుగా కూర్చొని, ఒకే డంబెల్‌ను రెండు చేతులతో తలపైకి ఎత్తి, మోచేతులు చెవుల పక్కనే కదలకుండా ఉంచి, బరువును తల వెనక్కి నెమ్మదిగా దించి మళ్లీ ఎత్తాలి. ట్రైసెప్స్ మూడు పాయల కండ, వాటిలో పొడవైన పాయ భుజం వెనుక ఉండే రెక్క ఎముక దగ్గర మొదలవుతుంది కాబట్టి చేయి పైకెత్తినప్పుడే అది పూర్తిగా సాగి పనిచేస్తుంది. నన్ను ఒక్క వ్యాయామమే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. దీనితో పాటు నడుము దగ్గర ముందుకు వంగి డంబెల్‌ను పొట్ట వైపు లాగే రోయింగ్ చేస్తే వీపు, బైసెప్స్ రెండూ కలిసి వస్తాయి, బైసెప్స్‌కు వేరే వ్యాయామం వెతకక్కరలేదు.

కుర్చీ అంచు పట్టుకుని కిందికి దిగే డిప్స్ చాలామంది చెబుతారు. అవి మంచివే, కానీ భుజానికి ముందు వైపు ఒత్తిడి ఎక్కువ. నేను లోతుగా దిగిన కొద్దీ మంచిదనుకుని భుజం నొప్పి తెచ్చుకుని రెండు నెలలు ఏమీ చేయలేకపోయాను. జబ్బ నేలకు సమాంతరమయ్యేంత వరకే దిగు, భుజంలో పొడిచినట్లు అనిపిస్తే ఆ వ్యాయామాన్ని పూర్తిగా వదిలేయి. కండ లాగినట్లుండే నొప్పి వేరు, అది ఒకటి నుంచి మూడు రోజుల్లో పోతుంది. కీలులో పుట్టే నొప్పిని ఎప్పుడూ ఓర్చుకోవద్దు.

రోజూ చేయడం మానేయి. కండ పెరిగేది విశ్రాంతిలోనే కాబట్టి, వారానికి రెండు లేదా మూడు రోజులు, మధ్యలో 48 గంటల విరామంతో చాలు. ఒక్కో వ్యాయామం 8 నుంచి 12 సార్లు, అలాంటివి మూడు సెట్లు చేయి. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించేంత బరువు ఎంచుకో. ఎత్తేటప్పుడు ఊపిరి వదులు, దించేటప్పుడు పీల్చు, మధ్యలో బిగపట్టవద్దు. రక్తపోటు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. పన్నెండు సార్లు సులువైపోతే బరువు కొద్దిగా పెంచాలి. మూడు నెలలుగా నీది అదే ఒక కిలో డంబెల్ అని రాశావు, కండకు అందులో కొత్త పని లేదు. బరువులెత్తితే చేతులు మగవారిలా అవుతాయేమోనన్న నీ భయం అక్కరలేనిది. అంతటి కండకు కావలసిన టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఆడవారి ఒంట్లో చాలా తక్కువ ఉంటుంది, మనకు వచ్చేది బిగువైన ఆకారమే.

చేతులతోనే ఆగిపోకు. తొడలు, వీపు వంటి పెద్ద కండలు పనిచేస్తే ఖర్చయ్యే శక్తి ఎక్కువ కాబట్టి కుర్చీలో కూర్చుని లేచినట్లు చేసే స్క్వాట్లు అదే రోజుల్లో కలుపుకో. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మాట్లాడగలుగుతూ పాట మాత్రం పాడలేనంత వేగంతో రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే ఆ లెక్క మొదలవుతుంది. రాత్రి కనీసం ఏడు గంటల సేపు నిద్రపో. నిద్ర తక్కువైన మరునాడు తీపి మీదికీ వేపుళ్ల మీదికీ మనసు పోవడం నువ్వే గమనించి ఉంటావు.

చేతికి చుట్టుకుని చెమట పట్టించే పట్టీలు, రాసుకునే క్రీములు, వణికించే యంత్రాలు కొనకు. పట్టీ విప్పాక చేయి సన్నబడినట్లు కనిపించేది నీరు పోయినందువల్లే, రెండు గ్లాసుల నీళ్లు తాగితే అది తిరిగి వస్తుంది.

కొలత విషయంలో ఒక పద్ధతి పెట్టుకో. భుజం ఎముక కొనకూ మోచేయి కొనకూ సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టుకుని, చేయి వదులుగా వేలాడదీసి, టేపు చర్మాన్ని నొక్కకుండా చుట్టి, ప్రతిసారీ అదే చేయి, అదే వేళ కొలువు. నాలుగు వారాలకు ఒకసారి చాలు. నడుము కూడా కొలిచి పక్కనే రాసుకో, ఎందుకంటే చాలామందికి నడుము ముందు తగ్గి చేతులు తర్వాత తగ్గుతాయి. నాకు నడుము ఆరు సెంటీమీటర్లు తగ్గేదాకా జబ్బ కొలత కదలలేదు, అయిదో నెలలో మొదటిసారి ఒక సెంటీమీటరు తగ్గింది. ఈలోగా కండ పెరుగుతుంది కాబట్టి టేపు మీద అంకె మారకపోయినా చేయి బిగువుగా కనిపించవచ్చు. అందుకే మొదటి రోజునే ఫొటో కూడా తీసి ఉంచుకో, తర్వాతివీ అదే వెలుతురులో తీయి.

ఈ ఆదివారం కొలిచి, రెండు అంకెలూ, ఇప్పుడు నువ్వు ఒక రోజంతా తింటున్నదీ దాచకుండా రాసి పంపు. నూనె చెంచాల లెక్క మరిచిపోవద్దు. అది చూశాక ఏ పూటలో ఏమి మార్చాలో ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ