కథలు రాస్తున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన కథలన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. పుస్తకం వేయించడానికి ఎంతవుతుందని అడిగావు. ఆ లెక్క చెప్తాను గానీ ముందు కథల సంగతి మాట్లాడాలి, ఎందుకంటే వాటిలో ఇంకా చెయ్యాల్సిన పని ఉంది.

నీకు చూసే కన్ను ఉంది. రేషన్ షాపు కథలో వేలిముద్ర పడని ముసలావిడ వేలిని డీలరే పట్టుకుని మిషన్ మీద అదిమే చోట నేను ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాను. అలాంటిది ఊరికే ఊహించి రాయలేరు, ఎక్కడో చూసి ఉండాలి. కానీ అక్కడికి రావడానికి నాకు రెండు పేజీలు పట్టింది. తెల్లారడం, కోడి కూయడం, ఊరికి ఆ పేరెలా వచ్చింది, ఆవిడ పెళ్ళి, మొగుడు పోవడం, ఇవన్నీ అయ్యాక గానీ ఆవిడ ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ రెండు పేజీలూ తీసెయ్. మొగుడు పోయాడన్న సంగతి కార్డులో అతని పేరు లేకపోవడంతోనే తెలిసిపోతుంది. క్యూలో నిలబడ్డ దగ్గర మొదలుపెట్టు, మిగతాది పాఠకుడు కలుపుకుంటాడు. మన పాఠకులు తెలివైనవాళ్ళు, అన్నీ విప్పి చెబితే వాళ్ళకి విసుగు.

ఇంకో విషయం, ఇది కాస్త ఓపిగ్గా చదువు. నీ పొలం కథలో కథ చెప్పే గొంతు భూస్వామి గురించి 'ఆయన వచ్చారు' అంటుంది, పాలేరు గురించి 'వాడు వచ్చాడు' అంటుంది. పాత్రలు ఒకరి గురించి ఒకరు అలా మాట్లాడుకుంటే తప్పు లేదు, ఊళ్ళో అలాగే మాట్లాడతారు. కానీ ఇక్కడ అంటున్నది నువ్వు. కథ పాలేరు వైపు నిలబడాలనే కదా నీ ఉద్దేశం, వాక్యాలేమో మొదటి నుంచీ ఆ పెద్దమనిషి అరుగు మీదే కూర్చుని ఉన్నాయి. ఇద్దరినీ 'అతను' అని రాసి చూడు. కొన్ని వాక్యాలు ఇబ్బంది పెడతాయి, ఆ ఇబ్బంది ఎక్కడ వచ్చిందో అక్కడ కథని మళ్ళీ ఆలోచించు. ఇదేదో వ్యాకరణం పట్టింపు అనుకోకు, నా దృష్టిలో కథ రాయడంలో అసలు పని ఇలాంటి చోట్లే ఉంటుంది.

యాస సంగతి కూడా అంతే. క్రియలన్నీ 'పోయిండు, వచ్చిండు' అని మార్చినంత మాత్రాన వరంగల్ మనిషి తయారవడు. ఆ మనిషి ఎవరిని ఏ వరసపెట్టి పిలుస్తాడు, ఏ మాటకి నొచ్చుకుంటాడు, తిట్టేటప్పుడు ఎక్కడిదాకా వెళ్ళి ఆగుతాడు, అది తెలియాలి. అటువైపు పెరిగిన స్నేహితురాలెవరైనా ఉంటే సంభాషణలు మాత్రం చదివించు. ఎవరూ దొరక్కపోతే ఆ పాత్రని నీకు తెలిసిన ఊరికి తెచ్చుకో.

చదవడం తగ్గించావని నీ మాటల్లో అర్థమైంది. కథకులు కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల లైబ్రరీ పెట్టారు. దాని వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లో అచ్చయిన కథలు స్కాన్ చేసి పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. కథాసాహితి వాళ్ళు 1990 నుంచి ఏడాదికొకటిగా తెచ్చిన సంకలనాలు కూడా ఉన్నాయి. ఏదో ఒక ఏడాదిది తీసుకుని, ఒక్కో కథ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నది మాత్రం చూస్తూ చదువు.

పత్రికలకి పంపేటప్పుడు వాళ్ళు అడిగిన నిడివి దాటకు. హామీపత్రం జతచెయ్యమంటారు కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకు. ఇది నా సొంత కథ, దేనికీ అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరేచోట పరిశీలనలో లేదు అని సంతకం పెడుతున్నావు. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథని, ప్రతిలిపి యాప్‌లో వేసిన కథని చాలామంది ఎడిటర్లు ప్రచురితమైనట్టే లెక్కేస్తారు. అందుకని ఏ కథ ఎక్కడికి ఎప్పుడు పంపావో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. దీపావళికి, ఉగాదికి వేసే ప్రత్యేక సంచికలకైతే రెండు మూడు నెలల ముందే పంపాలి. డబ్బు మాత్రం పెద్దగా రాదు, వెబ్ పత్రికల్లో చాలావాటిలో అసలే రాదు.

ఇక హక్కులు. రాసిన క్షణం నుంచీ కాపీరైట్ నీదే, రిజిస్టర్ చేయించకపోయినా నీదే. నీ జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు ఉంటుంది. దాన్ని ఎవరికైనా రాసివ్వాలంటే కాగితం మీద, సంతకంతోనే జరగాలి. ఎన్నేళ్ళకి అన్నది ఆ కాగితంలో లేకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగానే చూస్తుంది, ఎక్కడెక్కడ అన్నది లేకపోతే ఇండియా వరకే. కాబట్టి 'సర్వహక్కులూ శాశ్వతంగా' అన్న మాట కనిపిస్తే కొట్టేయమని అడుగు, మొహమాటపడకు. పుస్తకం వేసేవాళ్ళకి అచ్చు హక్కు చాలు. ఆడియో, సినిమా, వెబ్ సిరీస్, అనువాదం ఒక్కోదానికీ విడిగా మాట్లాడుకోవచ్చు. ఈ మధ్య యూట్యూబ్‌లో కథలు చదివేవాళ్ళు ఎక్కువయ్యారు, బాగా చదివేవాళ్ళూ ఉన్నారు, కానీ అడిగి, నీ పేరు చెప్పి చదవాలి. సినిమావాళ్ళకి కథ చెప్పాల్సి వస్తే ముందే రాసిన కాగితాలు మెయిల్ చెయ్యి, ఎందుకంటే ఆలోచనకి కాపీరైట్ ఉండదు, రాసినదానికే ఉంటుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన లెక్క. 160 పేజీలంటే 16 పేజీల ఫారాలు పది. వెల 200 పెట్టావనుకో, షాపువాళ్ళకో డిస్ట్రిబ్యూటర్‌కో 40 శాతం దాకా కమిషన్ పోతే నీకొచ్చేది 120. అచ్చుకి కాపీకి 80 పడిందనుకుంటే మిగిలేది 40, అందులోనే డీటీపీ (టైప్ చేసి పేజీలు కూర్చడం), కవర్ డిజైన్, పార్శిల్ ఖర్చులు. అదీ అమ్ముడైన కాపీల మీద, డబ్బు చేతికొచ్చాక. వెయ్యి కాపీలు వేస్తే రేటు తగ్గుతుందని ప్రెస్ వాళ్ళు చెప్తారు, నిజమే, కానీ ఆ కట్టలు నీ మంచం కిందే ఉంటాయి. ఇప్పుడు వందా రెండొందలు కూడా వేసిస్తున్నారు, వాటితో మొదలుపెట్టు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం చూసుకుని ఆ ముందు తేవడం మంచిది.

ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దడానికిచ్చే పేజీలు, మాత్రం నువ్వే చూసుకో. ఫోన్‌లో, కంప్యూటర్‌లో మామూలుగా వాడే యూనికోడ్‌లో టైప్ చేసినదాన్ని డీటీపీవాళ్ళు వాడే అను ఫాంట్స్‌లోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, ఒకదానికి ఇంకొకటి వస్తాయి. స్క్రీన్ మీద కాదు, ప్రింట్ తీసి పైకి చదువుతూ చూడు. పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం, దానికి డబ్బు అడిగితే ఇవ్వకు.

ఉద్యోగం మానేసి పూర్తిగా రాయడంలోనే ఉంటానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసి టెన్షన్ పడింది. మానకు తల్లీ. పైన లెక్క చూశావుగా, దాంతో అద్దె కట్టలేవు. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళే ముందు ఒక గంట నీదిగా ఉంచుకో, ఆ గంటలో ముందు రేషన్ షాపు కథ బాగుచెయ్యి, తర్వాత పొలం కథ. ఈ రెండూ తిరగరాశాక నాకు పంపు, మిగతావాటి గురించి అప్పుడు రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న