మున్సియారీలో తుల్మాకు అంత ధర ఎందుకు, అసలైనదని ఎలా గుర్తుపట్టాలి?

ఉత్తరాఖండ్ వెళ్తున్నారు, తుల్మా అనే ఉన్ని దుప్పటి కొనాలనుంది, ధర చూసి వెనకాడుతున్నారు. మీ ప్రశ్న అర్థమైంది. నేను ఉద్యోగం మీద మున్సియారీలో రెండు చలికాలాలు ఉన్నాను. మా ఇంటి ఓనరు వాళ్లమ్మను అందరూ ఆమా అనేవాళ్లు, అక్కడ నానమ్మను అలాగే పిలుస్తారు. ఆమె నేత దగ్గరుండి చూశాను.

నేయడానికంటే వడకడానికే ఎక్కువ రోజులు పడుతుంది. ఉన్నిలో ముళ్లు ఏరాలి, కడిగి ఆరబెట్టాలి, దువ్వాలి, తర్వాత తక్లీ, అంటే చేతి కదురు మీద వడకాలి. ఎండలో కూర్చున్నా, పక్కింటికి మాటలకు వెళ్లినా ఆమా చేతిలో తక్లీ తిరుగుతూనే ఉండేది. మాది నారాయణఖేడ్ వైపు కురుమల ఇల్లు. మా నానమ్మ కూడా గొంగడికి అలాగే వడికేది. అన్ని రోజుల వడుకుకు కూలి ఎవరూ లెక్కగట్టరు. అక్కడా అంతే, ఇక్కడా అంతే. నాకు బాధ కలిగించేది అదే, అందుకే బేరమాడొద్దని చెప్తాను.

ఒక తేడా ఉంది. మా దగ్గర పడుగుకు చింతగింజల గంజి పెట్టి నేసేది మగవాళ్లు. మున్సియారీ వైపు జోహార్ లోయలో మగ్గం ఆడవాళ్లది. మగవాళ్లు ఊంటాధూరా కనుమ దాటి టిబెట్‌లోని గ్యానిమా సంతకు ధాన్యం, బెల్లం తీసుకెళ్లి ఉప్పు, ఉన్ని తెచ్చేవాళ్లు. 1962లో చైనాతో యుద్ధం వచ్చి ఆ దారి మూతపడింది.

ఇక గుర్తుపట్టడం. వెళ్లిన కొత్తలో నేను ఒక షాపులో ఉన్ని అని చెబితే నమ్మి అక్రిలిక్ కొన్నాను. మీరు ఒక పోగు లాగి కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది. తుల్మాను తక్కువ వెడల్పు పట్టీలుగా నేసి కలిపి కుడతారు కాబట్టి కుట్టు కనిపించాలి. దన్, అంటే వాళ్ల తివాచీ, అయితే తిరగేసి చూడండి. ముడులతో నేసినదైతే వెనక కూడా డిజైన్ తెలుస్తుంది. వెనక గుడ్డ అతికించి ఉంటే వదిలేయండి. 2021లో తుల్మాకు, దన్‌కు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది, ఆ లేబుల్ ఉందేమో అడగండి. వీలైతే నేసే ఇంటికే వెళ్లి కొనండి.

ఇంటికి తెచ్చాక వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లతో ఉతకొద్దు, ముడుచుకుపోతుంది. అప్పుడప్పుడు ఎండలో వేసి కర్రతో దులిపి, ఎండిన వేపాకు మధ్య మడతపెట్టండి. మా ఇంట్లో తాత గొంగడికి ఇప్పటికీ అదే చేస్తాం.