పగలంతా నిద్రమత్తు.. రాత్రి మందుతో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 26. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. మూడేళ్లుగా పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తోంది. గట్టిగా నవ్వితే మోకాళ్లలో పట్టు తప్పి కూలబడిపోతున్నాను. స్పృహ మాత్రం ఉంటుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినా కాళ్లూ చేతులూ కదలవు, ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుంటుంది. దయ్యమని ఇంట్లో తాయెత్తు కట్టించారు. ఒక డాక్టర్ నార్కోలెప్సీ కావచ్చన్నారు. దీనికి రాత్రిపూట తాగే మందు ఉందని అమెరికాలోని మా బంధువు చెప్పాడు. అది దొరికేదాకా నిద్రమాత్ర వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: నిద్రమాత్ర వద్దు. మీరు రాసినవాటిలో అసలైన ఆధారం నవ్వితే కూలబడటం. దీన్ని కేటాప్లెక్సీ అంటారు. పగటి నిద్ర గురక జబ్బు వల్లా, నైట్ డ్యూటీల వల్లా కూడా వస్తుంది. కానీ స్పృహ ఉండగానే నవ్వుకు ఒళ్లు సడలిపోతోందంటే ముందు నార్కోలెప్సీనే అనుమానించాలి. మెదడులో మెలకువను నిలిపే ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు దెబ్బతినడం వల్ల ఇది వస్తుంది. కలలు వచ్చే నిద్రలో అందరికీ ఒళ్లు కదలదు. మీకు ఆ స్థితి మెలకువలోకి కూడా వచ్చేస్తోంది. గుండెల మీద కూర్చున్న దయ్యం అదే. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, పరీక్షలు మాత్రం మానకండి.

మీ బంధువు చెప్పింది సోడియం ఆక్సిబేట్ అయ్యుండాలి. అమెరికాలో 2002 నుంచి ఉంది. పగలు ఎంత తూగినా ఈ జబ్బులో రాత్రి నిద్ర ముక్కలుముక్కలుగానే ఉంటుంది. ఆ మందు గాఢనిద్రను పెంచుతుంది, దాంతో పగటి మత్తూ, కూలబడటమూ తగ్గుతాయి. భోజనం చేశాక కనీసం రెండు గంటలు ఆగి మొదటి మోతాదు తాగాలి. అదీ మంచం మీద కూర్చునే, ఎందుకంటే కొందరికి అయిదు నిమిషాల్లోనే నిద్ర పట్టేస్తుంది. రెండున్నర నుంచి నాలుగు గంటల తర్వాత అలారం పెట్టుకుని లేచి రెండోది తాగాలి. రాత్రికి ఒక్కసారే వేసుకునే రకం 2023లో వచ్చింది. ఊపిరి మందగించే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ కూడా గట్టి నిఘా మధ్యే ఇస్తారు. ఎవరి చేతనో తెప్పించుకుని వాడే మందు కాదు.

దాని బదులు అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్ర వేసుకుంటే జబ్బు తగ్గదు, మర్నాటి మత్తు పెరుగుతుంది. కల్లు అలవాటుంటే డాక్టర్‌తో దాచకండి. మన వైపు కల్తీ కల్లులో ఏం కలుపుతారో మీకు తెలియంది కాదు, అందులోనూ ఈ మాత్రే ఉండొచ్చు.

హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట న్యూరాలజీ డాక్టర్‌ను కలవండి. రాత్రంతా నిద్రను రికార్డు చేసి, మర్నాడు పగలు నాలుగైదు సార్లు పడుకోబెట్టి ఎంతసేపట్లో నిద్ర పడుతోందో చూస్తారు. మందులు పరీక్ష ఫలితాన్ని మార్చేస్తాయి, అందుకే సొంతంగా ఏదీ మొదలుపెట్టకండి. జబ్బు ఖాయమైతే మన దగ్గర దొరికే మందులతోనే చాలామంది నెట్టుకొస్తారు: మత్తు తగ్గడానికి పొద్దున మోడాఫినిల్, కూలబడటం తగ్గడానికి వెన్‌లాఫాక్సిన్. రెండోదాన్ని హఠాత్తుగా ఆపితే కూలబడటం మరీ ఎక్కువవుతుంది.

జబ్బు అదుపులోకి వచ్చేదాకా బండి నడపకండి, మిల్లులో బెల్టుల దగ్గరికి పోకండి, బావిలో ఈత కొట్టకండి. మధ్యాహ్నం 20 నిమిషాలు కునుకు తీయడానికి యజమానిని ఇప్పుడే అడగండి. దానికి పరీక్షల దాకా ఆగక్కర్లేదు.