ఆ రెండు డిస్కుల వైర్లు ముందు పీకెయ్యి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, ఊరి కబుర్లన్నీ అయ్యాక, "నీ స్టూడియో కంప్యూటర్ విప్పి కూర్చుందక్కా నీ మేనకోడలు. ఆదివారం దానికి బయోస్ మారుస్తుందట, రెయిడ్ డ్రైవర్ మారుస్తుందట" అన్నాడు. ఒకటేమో విండోస్ కన్నా ముందు కంప్యూటర్‌ని లేపే బోర్డు ప్రోగ్రాం, ఇంకోటి ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాసే మిర్రర్ జోడీ డిస్కుల్ని నడిపేది. వాడు మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఒక పక్క సంతోషం. మన ఇళ్లల్లో నా తర్వాత కేబినెట్ మూత తీసిన ఆడపిల్లవి నువ్వే. ఇంకో పక్క ఒకటే దిగులు. ఆ పెట్టెలో ఏముందో నీకు తెలుసు. మీ నాయనమ్మ పెరట్లో చింతకాయలు దంచుతూ, కెమెరా ఉందని తెలియక నవ్విన ఫొటో ప్రపంచం మొత్తం మీద అక్కడ ఒక్కచోటే ఉంది.

ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాకే స్క్రూడ్రైవర్ పట్టుకో.

ముందు, ఇదంతా ఎందుకు చేస్తున్నావో నాకు అర్థమైంది. కొత్తగా కొన్న రెండు 3 టీబీ డిస్కుల్లో ఒకటి పెడితే 746 జీబీ అని చూపిస్తోందని నాన్న చెప్పాడు. డిస్కు మంచిదే, నిన్నెవరూ మోసం చెయ్యలేదు. ఆ పాత డ్రైవర్‌కి 2 టీబీ దాటితే లెక్క రాదు. 2048 దగ్గర మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది, మిగిలిన 746 నీకు కనిపిస్తోంది. ఇంటెల్ వాళ్లు దాన్ని 10.1 వెర్షన్లో సరిచేశారు. అప్పటికి దాని పేరు కూడా మారింది. మన కంప్యూటర్ కొన్నప్పుడు మ్యాట్రిక్స్ స్టోరేజ్ మేనేజర్ అనేవాళ్లు, తర్వాత రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ అన్నారు. పేర్లు చూసి రెండు వేరు వేరు అనుకోకు.

అయితే డ్రైవర్ ఒక్కటే కాదు. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే, విండోస్ రాకముందు, నల్ల స్క్రీన్ మీద కంట్రోల్, ఐ నొక్కమని ఒక లైను వస్తుంది చూడు, అది ఆప్షన్ రోమ్, డిస్కుల జోడీని గుర్తుపట్టే చిన్న ప్రోగ్రాం. అది బయోస్ కడుపులో ఉంటుంది. మనది పీ45 బోర్డు, ఐసీహెచ్10ఆర్ చిప్. దాని ఆప్షన్ రోమ్ 8.0తో మొదలయ్యే వెర్షన్. పెద్ద డిస్కులతో రెయిడ్ కట్టాలంటే అదీ మారాలి, అది మారాలంటే బయోస్ మారాలి. కాబట్టి బోర్డు కంపెనీ సైట్లో చివరి బయోస్ పక్కన ఏం రాశారో చదువు. రెయిడ్ రోమ్ మార్చామని అక్కడ లేకపోతే ఆ బయోస్ నీకు అక్కర్లేదు, ముట్టుకోకు. ఎవరో బయోస్ ఫైలు విప్పి కొత్త రోమ్ అతికించి ఇస్తారు, అది అసలే వద్దు. అప్పుడు డ్రైవర్ ఒక్కటే మార్చి, ఒక 3 టీబీ డిస్కుని లోపల మామూలుగా వాడుకో, రెండోదాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి నెలకోసారి కాపీ చేసి బీరువాలో దాచు. నన్నడిగితే మిర్రర్ కన్నా అదే మేలు. మిర్రర్‌లో ఒకవైపు చెరిపేస్తే రెండోవైపూ ఆ క్షణమే చెరిగిపోతుంది. డిస్కు పాడైతే ఆదుకుంటుంది గానీ చెయ్యి జారితే ఆదుకోదు.

డ్రైవర్ సంగతి చిన్నదే. సైట్లో కనిపించిన అన్నిటికన్నా కొత్తది తెచ్చి ఎక్కించకు. కొత్త వెర్షన్లలో మన చిప్ ఉండదు. ఇన్‌స్టాలర్ "ఈ కంప్యూటర్‌కి కుదరదు" అంటే ఆ మాట విను, డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి బలవంతంగా ఎక్కించకు. నీ విండోస్ 7 ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా ఈ డ్రైవర్ మీదే లేస్తుంది. తేడా వచ్చి లేవకపోతే ఎఫ్8 నొక్కి, చివరిసారి బాగా పనిచేసిన సెట్టింగులతో లేపే దారి ఉంటుంది, అది పట్టుకో. ముందు డ్రైవర్ మార్చి, రెండు రోజులు వాడి చూసి, అవసరముంటేనే బయోస్ దగ్గరికి వెళ్లు. రెండూ ఒకే పూట చేస్తే ఏది చెడగొట్టిందో తెలియదు.

ఇక నేను రాయడానికి కూర్చున్న అసలు సంగతి.

2010 శ్రావణం. ముహూర్తాలు ఊపిరి ఆడనివ్వడం లేదు. మీ మావయ్య ఫొటోలు తీసుకొచ్చేవాడు, నేను కంప్యూటర్లో ఎక్కించి ఆల్బమ్ డిజైన్ చేసేదాన్ని. అప్పుడు విండోస్ ఎక్స్‌పీ. అది ఒక పాత ఐడీఈ డిస్కు మీద ఉండేది, ఆ డిస్కు బోర్డు మీద ఇంకో చిన్న చిప్‌కి తగిలించి ఉండేది. ఫొటోలన్నీ రెండు 500 జీబీ డిస్కుల మిర్రర్ మీద, డి డ్రైవ్‌లో. ఒక సోమవారం పొద్దున పని తక్కువగా ఉందని బయోస్ కొత్తది ఎక్కించాను. మూడు నిమిషాల్లో అయిపోయింది. కరెంటు పోలేదు, ఏ ఎర్రర్ రాలేదు. కంప్యూటర్ హాయిగా లేచింది.

బయోస్ మార్చగానే లోపలి సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిలా అయిపోతాయి. డిస్కుల్ని జోడీగా చూడాలా, విడివిడిగా చూడాలా అని చెప్పే సాటా మోడ్ అని ఒక వరుస ఉంటుంది, దాంట్లో నేను పెట్టుకున్న రెయిడ్ పోయి ఐడీఈ, అంటే విడివిడిగా, అయింది. నేను చూసుకోలేదు. విండోస్ వేరే డిస్కు మీద ఉంది కాబట్టి అది మామూలుగా వచ్చింది. మై కంప్యూటర్ తెరిస్తే డి కాక జి అని ఇంకో డ్రైవ్ కనిపించింది, లోపల అవే ఫోల్డర్లు. నేనేమనుకున్నానో చెప్పనా? మంచిదే, రెండు కాపీలు కళ్లకి కనిపిస్తున్నాయి అనుకున్నాను. తొమ్మిది రోజులు అలాగే పనిచేశాను. ఆ తొమ్మిది రోజుల ఫొటోలన్నీ డి లోకే, అంటే ఒక్క డిస్కులోకే వెళ్లాయి. రెండోది సోమవారం దగ్గరే ఆగిపోయింది. ఆ మధ్యలో ఒక పెళ్లి ఉంది. మర్నాటి ముహూర్తానికి కెమెరా మెమరీ కార్డులు కావాలని, ఫొటోలు కంప్యూటర్లో పడ్డాయి కదా అని, ఆ పెళ్లి ఫొటోలున్న కార్డులు ఫార్మాట్ చేసిచ్చింది నేనే.

తొమ్మిదో రోజు దేనికోసమో బయోస్‌లోకి వెళ్లి ఐడీఈ చూశాను. అయ్యో అనుకుని వెంటనే రెయిడ్ పెట్టి సేవ్ చేశాను. నల్ల స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలతో నార్మల్ అని వచ్చింది. రెయిడ్ గుర్తులు డిస్కుల చివర రాసి ఉంటాయి, వాటినెవరూ కదపలేదు. అందుకని ఆ రెండూ ఇంకా కవలలే అని అది నమ్మింది. ఒకదాంట్లో తొమ్మిది రోజుల పని ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఇక విండోస్ ఒక ముక్క దీన్నుంచి, ఒక ముక్క దాన్నుంచి చదవడం మొదలుపెట్టింది. లెక్క కుదరక, డిస్కు తనిఖీ చేస్తానంటూ నీలం స్క్రీన్ వచ్చింది. పది సెకన్లలో ఏ కీ అయినా నొక్కితే ఆగుతుందని కింద రాసే ఉంది. నేను నొక్కలేదు. బాగుచేస్తోంది కదా అని చేతులు కట్టుకుని కూర్చున్నాను. తెల్లటి లైన్లు ఒకదాని వెంట ఒకటి పైకి పోతున్నాయి. ఇండెక్స్ తీసేస్తున్నాను, ఇండెక్స్ తీసేస్తున్నాను అని. మీ మావయ్య భోజనానికి రమ్మని రెండుసార్లు పిలిచాడు. ఆ రోజు వంకాయ కూర. అది కూడా గుర్తుంది నాకు.

విండోస్ లేచాక ఆ పెళ్లి ఫోల్డర్ లేదు. ఫౌండ్.000 అని ఒక కొత్త ఫోల్డర్ ఉంది, లోపల అన్నీ పేర్లు లేని ఫైళ్లు. వాటికి ఒక్కోదానికీ జేపీజీ అని పేరు మార్చి తెరుచుకుంటూ పోయాను. కొన్ని తెరుచుకోలేదు. కొన్ని సగమే తెరుచుకున్నాయి. పైన పెళ్లికూతురి ముఖం, బాసికం, బుగ్గన చుక్క అంతా స్పష్టంగా ఉంది, మెడ దగ్గర్నుంచి కింద ఒకటే బూడిదరంగు. ఆ మెడ దగ్గర మంగళసూత్రం పట్టుకున్న చేతులు ఉండాలి.

మర్నాడు ఇద్దరం వాళ్ల ఊరు వెళ్లాం. నేనే చెబుతానన్నాను. పెళ్లికూతురి అమ్మ మంచినీళ్లిచ్చి, అంతా విని, "తాళి కట్టేది కూడా లేదామ్మా?" అని ఒక్కటే అడిగింది. డబ్బు వెనక్కిచ్చాం. వీడియో తీసినతన్ని బతిమాలి ఆ క్యాసెట్ల నుంచి బొమ్మలు తీశాం. 720×576 బొమ్మ అది, 12×36 ఆల్బమ్ పేజీకి ఎక్కడ సరిపోతుంది? చిన్న చిన్నవిగా పెట్టి, చుట్టూ పూలు పెట్టి, నాకు చేతనైనంత చేసిచ్చాను. ఆవిడ ఆల్బమ్ తీసుకుని ఆ పేజీ మీద చెయ్యి పెట్టి రాసింది. ఆ తర్వాత వాళ్లింట్లో ఏ కార్యమైనా మమ్మల్నే పిలిచారు. అయినా ఇన్నేళ్లలో నాకు ఆ చెయ్యి మరుపు రాలేదు.

ఆ రోజు విండోస్ లేవకుండా ఉంటే నేను ఆగిపోయేదాన్ని. లేచింది కాబట్టే తొమ్మిది రోజులు మునిగాను. అందుకే నువ్వు బయోస్ మార్చాక నీలం స్క్రీన్ మీద చివర 7బీ అని వస్తే భయపడకు, విండోస్ మళ్లీ ఎక్కించకు. సాటా మోడ్ మారిందని అది నీకు చెబుతోంది. బయోస్‌లోకి వెళ్లి రెయిడ్ పెడితే సరిపోతుంది. అన్నీ బాగానే ఉండి, మై కంప్యూటర్‌లో ఒక డ్రైవ్ ఎక్కువ కనిపిస్తే మాత్రం ఆ క్షణమే షట్‌డౌన్ చేసి నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి అయినా సరే.

కాబట్టి ఇలా చెయ్యి. ముందు రోజు ఫొటోలన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కుని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫోల్డర్లు తెరిచి చూడు. కాపీ అయిందని చెప్పే లైను చాలదు, ఫొటో కళ్లతో చూడు. బయోస్‌లో ప్రతి పేజీనీ సెల్‌ఫోన్‌తో ఫొటో తియ్యి. తర్వాత స్విచ్ ఆపి, పవర్ వైరు గోడ నుంచి తీసేసి, రెయిడ్ డిస్కులు రెండింటి సాటా వైర్లూ పీకెయ్యి. రెండూ పీకాలి. ఒక్కటి పీకి ఒక్కటి ఉంచి ఆన్ చేశావో, జోడీ విడిపోయిందనుకుని మళ్లీ కలిపేటప్పుడు గంటల తరబడి రీబిల్డ్ అంటుంది. కొన్ని బోర్డులు బయోస్ కాపీని మొదటి హార్డ్ డిస్కు చివర్లో రాసుకునే రకం కూడా ఉన్నాయి, సరిగ్గా రెయిడ్ గుర్తులు ఉండే చోటే. వైరే లేకపోతే దేనికీ భయం లేదు.

బోర్డు మీద మోడల్ పేరు పక్కనే రివిజన్ నంబరు అచ్చేసి ఉంటుంది. దానికి సరిపోయే ఫైలే తీసుకో. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి బయోస్‌లో ఉన్న టూల్‌తోనే ఎక్కించు, విండోస్ లోంచి కాదు.

యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారు? మీ నాన్నకి గుర్తుండదు. వైర్లు పీకాక బయోస్ స్క్రీన్ దగ్గర కంప్యూటర్‌ని ఉంచి, యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి లాగి పది నిమిషాలు చూడు. నిలబడితేనే మొదలుపెట్టు. మీ వీధిలో మధ్యాహ్నం కరెంటు తీస్తారు కదా, పొద్దున ఏడింటికే కూర్చో. ఇది నా టెన్షన్ అనుకో, కాస్త నా మాట విను.

అయ్యాక మొదటిసారి ఆన్ చెయ్యగానే విండోస్ దాకా వెళ్లనివ్వకు. డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి, సాటా మోడ్ రెయిడ్ చేసి, సేవ్ చేసి, ఆపేసి, అప్పుడు రెండు వైర్లూ పెట్టు. నల్ల స్క్రీన్ మీద నార్మల్ చూశాకే ముందుకి పో. కంట్రోల్, ఐ నొక్కి లోపలికి వెళితే క్రియేట్, డిలీట్, రీసెట్ అని మూడు ఉంటాయి. ఆ మూడిట్లో ఏదీ నీ కోసం కాదు, చూసి బయటికి వచ్చెయ్యి.

బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032. అదే రోజు కొత్తది వెయ్యి. అది అయిపోతే బయోస్ మార్చకపోయినా సెట్టింగులు పోతాయి, నా తొమ్మిది రోజులు ఇంకో ఏడాదికి నీకు వస్తాయి. కేబినెట్ మూత లోపల ఒక కాగితం అంటించి "సాటా మోడ్: రెయిడ్" అని పెద్దగా రాయి. నేనూ అంటించాను, ఆ పెళ్లి తర్వాత. ఊడిపోయి ఉంటుంది.

వైర్లు పీకేటప్పుడు వాటి చివర తెల్ల ప్లాస్టర్ చుట్టి ఉంటుంది చూడు. ఒకదాని మీద 0, ఇంకోదాని మీద 1. మళ్లీ ఎప్పుడూ తికమక పడకూడదని మీ మావయ్య రాసి చుట్టాడు, ఆయన ఒకటి అంకె కింద చిన్న గీత గీసేవాడు. జిగురు పోయి ఉంటే పైన కొత్త ప్లాస్టర్ చుట్టుకో, కింది దాన్ని మాత్రం ఒలిచెయ్యకు.

ఆదివారం ఏడింటి నుంచి ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటాను. నార్మల్ అని వచ్చిన స్క్రీన్ ఫొటో పంపు.

మీ అత్త