మీ ప్రశ్నలు – మా జవాబులు: విచారణలో లాఠీకి పనేమిటి?

ప్రశ్న: మా తమ్ముడు కానిస్టేబుల్‌గా ఎంపికై త్వరలో శిక్షణకు వెళ్తున్నాడు. నాలుగు తగిలిస్తే తప్ప దొంగ నిజం చెప్పడని, అకాడమీ పాఠాలు పరీక్షల వరకేనని పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన మా బంధువొకరు వాడికి చెబుతున్నారు. విచారణలో కొట్టడం వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా? – ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: కొడితే ఎవరైనా నోరు తెరుస్తారు. అయితే వారు చెప్పినది నిజమో, దెబ్బలు ఆగితే చాలుననుకుని అన్న మాటో కొట్టినవారికే తెలియదు. పైగా పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితునిపై రుజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ నిషేధించింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ కూడా ఆ నిషేధాన్ని కొనసాగించింది.

అయినా లాఠీ పోకపోవడానికి ఒక కారణం పాత చట్టం 27వ సెక్షన్‌లో ఉండి, కొత్త చట్టం 23వ సెక్షన్‌లోనూ కొనసాగుతున్న మినహాయింపు. కస్టడీలోని నిందితుడిచ్చిన సమాచారంతో ఏదైనా వాస్తవం బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన మాటలను కోర్టు స్వీకరిస్తుంది. ఎలాగైనా రికవరీ (నిందితుడు చెప్పిన చోట వస్తువు దొరకడం) చూపించాలన్న ఒత్తిడి ఇక్కడే మొదలవుతుంది. ఈ మినహాయింపుకు హద్దు గీసిన తీర్పు మన గుంటూరు ప్రాంతపు హత్య కేసులోనే వచ్చింది. 1947 లా రిపోర్టులకెక్కిన పులుకూరి కొట్టయ్య కేసులో, అప్పట్లో మన కేసులకు లండన్‌లో చివరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రివీ కౌన్సిల్, ఈటెను ఫలానా చోట దాచానన్న నిందితుని మాట చెల్లుతుందని, దానితో పొడిచానన్న మాట చెల్లదని తేల్చింది. అంటే వస్తువు దొరికినా, దానిని నేరంతో ముడివేసే పని దర్యాప్తు అధికారిదే. వేలిముద్రలు, కాల్ రికార్డులు, సాక్షులు లేనిదే ఆ ముడి పడదు.

ఇంగ్లండ్‌లో 1974 నాటి గిల్డ్‌ఫర్డ్ బాంబు పేలుళ్ల కేసులో నలుగురికి ప్రధానంగా పోలీసుల ముందు చేసిన ఒప్పుకోళ్ల ఆధారంగానే శిక్ష పడింది. 1989లో ఆ శిక్షలు రద్దయి వారు విడుదలయ్యారు. ఇటువంటి కేసుల తరువాత 1990ల తొలినాళ్లలో అక్కడి పోలీసులకు విచారణ పద్ధతినే కొత్తగా నేర్పారు: ముందుగా కేసును క్షుణ్ణంగా చదవడం, ఎదుటివారు చెప్పేది అడ్డుతగలకుండా విడమరచి చెప్పనివ్వడం, ఆ తరువాతే ఆధారాలతో పోల్చి ప్రశ్నించడం. లాఠీ ఎత్తడం కంటే ఇది కష్టమైన విద్య. మా దృష్టిలో, ఈ విద్య రానివారే చేయి చేసుకుంటారు.

మీ తమ్ముడు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. నేరం ఒప్పించడానికి గాయపరిస్తే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పై అధికారి కొట్టమన్నారని చెప్పుకున్నా ఆ శిక్ష తప్పదు.

ప్రశ్న: ఇంట్లో సోదా చేసేటప్పుడు పోలీసులు వీడియో తీయడం తప్పనిసరా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తప్పనిసరే. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తయారీని, దానిపై సాక్షుల సంతకాలను దృశ్య శ్రవణ రూపంలో రికార్డు చేయాలి. ఇందుకు మొబైల్ ఫోను సరిపోతుంది. ఆ రికార్డింగును జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపవలసిన బాధ్యత కూడా పోలీసు అధికారిదే.