భాగమతి సరే, మత్తు ఇచ్చిన రూపాబాయి ఎవరికి గుర్తుంది?

"హైదరాబాద్ చరిత్రలో భాగమతి కాకుండా చెప్పుకోదగ్గ ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?" అని ప్రశ్న. భాగమతి అసలు ఉందా లేదా అన్నదే చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. ఉన్నారని తెలిసినవాళ్ళ సంగతి చూద్దాం. కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరు హయత్‌నగర్ బస్సు బోర్డు మీద రోజూ ఊరంతా తిరుగుతూనే ఉంది. ఆవిడను జనం పిలుచుకున్న "మా సాహెబా" నలిగి నలిగి మాసాబ్ ట్యాంక్ అయింది. ఆ మాసాబ్ ఎవరో మగ దొర అనుకునేవాళ్ళే ఎక్కువ! కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. వీళ్ళ గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. నా ఓటు మాత్రం రూపాబాయి ఫర్దూన్‌జీకి.

1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన అయిదుగురు అమ్మాయిల్లో ఈ పార్సీ యువతి ఒకరు. 1889లో హకీం, అంటే వైద్యురాలి పట్టా అందుకున్నారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరు ఈవిడేనంటారు.

అప్పట్లో పీల్పించి మత్తు ఎక్కించే మందు క్లోరోఫాం మీద పెద్ద తగువు నడుస్తోంది. ఆ మత్తులో మనిషి చనిపోతే, అది గుండె ఆగా, ఊపిరి ఆగా? ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందన్నాడు. 1888లో ఇక్కడే కమిషన్ వేసి కుక్కల మీద పరీక్షించాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మలేదు. ఆరో నిజాం వెయ్యి పౌన్లిచ్చి, "మీ మనిషినే పంపండి" అన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఈసారి వందల జంతువులు, కోతులతో సహా.

ఆ కమిషన్ రాసిన పద్ధతి చూస్తే మత్తు ఇచ్చే చేతికి ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ, ఛాతీ, పొట్ట దగ్గర బిగువు బట్టలేవీ ఉండకూడదు. పెనుగులాడినా సరే, ఛాతీ మీదా పొట్ట మీదా చెయ్యేసి అదమకూడదు. పరికరం అంటూ ఏమీ అక్కర్లేదు, శనక్కాయల పొట్లంలాంటి టోపీ, దాని కొసన కాస్త దూది చాలు. మొదట్లోనే ముక్కుకు దగ్గరగా పెడితే రోగి ఊపిరి బిగబడతాడు. బిగబట్టాక తీసే మొదటి పెద్ద శ్వాసతో మందు ఒక్కసారిగా లోపలికి పోతుంది, అక్కడే ప్రమాదం. పిల్లలకు ఒకటి రెండు పీల్పులే సరిపోవచ్చు, కాబట్టి పెనుగులాట ఆగగానే వాళ్ళకు కాస్త మంచి గాలి పీల్చనివ్వాలి. కంటిగుడ్డును వేలి కొసతో తాకితే రెప్ప కొట్టలేదంటే మత్తు ఎక్కినట్టే, ఆపైన మత్తు పెంచకూడదు. చూపు మాత్రం చివరిదాకా ఊపిరి మీదే ఉండాలి.

ఇప్పుడు ఆలోచించండి. పర్దా కాలంలో రవికె వదులు చేసి, ఛాతీ కదలిక కనిపెడుతూ కూర్చోవాల్సిన పని అది. జెనానా (ఆడవాళ్ళ) ఆసుపత్రిలో మగ డాక్టరు చేయగలిగేవాడా? లారీ పద్ధతి ఈ ఊళ్ళో ఆడవాళ్ళ వార్డుదాకా వెళ్ళిందంటే అది రూపాబాయి లాంటివాళ్ళ వల్లే, నన్నడిగితే. కమిషన్ నివేదిక అనగానే లారీ, బ్రంటన్ అంటారు. ఈనాటికీ అంతే, ఆపరేషన్ ఎవరు చేశారని అడుగుతారు గానీ మత్తు ఎవరిచ్చారని అడిగే బంధువు ఒక్కడు కనపడడు.

లారీ సిద్ధాంతం నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పరీక్షలు చేసి, మత్తు పలచగా ఉన్నప్పుడే, భయపడితే ఒంట్లో ఊరే అడ్రినలిన్ పొంగితే గుండె లయ తప్పి కొట్టుకుని ఆగిపోతుందని చూపించాడు. అంటే భయపడే మనిషికే ముప్పు ఎక్కువ. టోపీని ముక్కుకు దూరంగా పట్టుకుని మెల్లగా మొదలుపెట్టడం వాళ్ళనుకున్న కారణానికి కాకపోయినా మంచి పనే.

1908 సెప్టెంబర్ మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ఊడ్చుకుపోయింది. ఆ మరుసటి ఏడు రూపాబాయి ఎడిన్‌బరో వెళ్ళారు. మత్తు వైద్యానికంటూ పట్టా లేని రోజులవి. ఆవిరయ్యే మందుతో పనిచేసేవాళ్ళకు పనికొచ్చే చదువని భౌతిక, రసాయన శాస్త్రాల్లో డిప్లొమా చేశారు. తిరిగొచ్చి మళ్ళీ ఇక్కడే ఉద్యోగం, చివరికి చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు.